పొలిస్, పురం, కొత్తూరు

సభకు నమస్కారం.

గోల్కొండ ఎక్కినవాళ్లకు బాలా హిస్సార్ తెలుసు. పారసీలో బాలా అంటే పైన, హిసార్ అంటే కోట. గ్రీకులో దీనికి సరిజోడు మాట అక్రోపోలిస్. అక్రొస్ అంటే కొసన, శిఖరాన ఉన్నది. పోలిస్ అనగానే చాలామంది ‘నగరం’ అనేస్తారు గానీ, తొలి అర్థం కోటే. ఏథెన్సువాళ్లు తమ అక్రోపోలిస్‌ను వట్టి ‘పోలిస్’ అనే అనేవారని క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ రాశాడు. కోట చుట్టూ ఊరు పెరిగింది, కోట పేరు ఊరిదైంది. ఆ తర్వాత చుట్టూ ఉన్న పొలాలనూ, పౌరుల సమూహాన్నీ కలిపి అదే మాటతో పిలిచారు.

సంస్కృతంలో ‘పుర్’ కూడా ఈ దారినే నడిచింది. ఋగ్వేదంలో పుర్ అంటే కోట. కోటలు కూల్చేవాడు గనక ఇంద్రుడు పురందరుడు. గ్రీకు ‘ల’కు ఇక్కడ ‘ర’ వచ్చింది, అంతే. అనంతపురం చివరి ‘పురం’, అక్రోపోలిస్ చివరి ‘పోలిస్’ దాయాదులు.

ఇప్పుడు మెట్రోపోలిస్. మేతేర్ అంటే తల్లి, మన ‘మాతృ’కు తోబుట్టువు. సిసిలీ దీవిలో సైరక్యూజ్ నగరాన్ని నెలకొల్పింది గ్రీసులోని కొరింత్‌వాళ్లు. అందుకే సైరక్యూజ్‌కు కొరింత్ మెట్రోపోలిస్, అంటే పుట్టినిల్లు. ఊరి పరిమాణంతో అప్పట్లో పని లేదు. ‘పెద్దది’ అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. మన రాజ్యాంగం 243పి అధికరణానికి వచ్చేసరికి మెట్రోపాలిటన్ ప్రాంతం కావాలంటే 10 లక్షల జనాభా ఉండాలి. 1863లో లండన్‌లో మొదలైన మెట్రోపాలిటన్ రైల్వే, తర్వాత పారిస్ మెట్రో, నేడు అమీర్‌పేటలో మనం ఎక్కే మెట్రో, అన్నింటిలోనూ ఉన్నది ఆ తల్లే.

మరి ఆటో మీటరులోనూ అదే తల్లి ఉందా? లేదు. అది మెత్రొన్, కొలత. ఇంగ్లీషు అక్షరాల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టే ఈ పొరపాటు. గ్రీకుకు హ్రస్వ దీర్ఘ ఎ-ఏ, ఒ-ఓ వేరువేరు అక్షరాలు, తెలుగుకూ ఉన్నాయి. ఈ భాగ్యం దేవనాగరికి లేదు, మనం వాడుకోవాలి. కాబట్టి మాటను విడదీసే ముందు గ్రీకు రూపాన్ని తెలుగులో గుణింతం తప్పకుండా రాసుకోండి. మేతేర్‌లో దీర్ఘం, మెత్రొన్‌లో హ్రస్వం. నగరం కచ్చితంగా రాస్తే ‘పొలిస్’, హ్రస్వమే. ఇంతసేపూ వాడుక కోసం పోలిస్ అన్నాను. మొనోపలీలో ఉన్నది దీర్ఘమున్న ‘పోలెయిన్’, అమ్మడం. దానికీ నగరానికీ చుట్టరికం లేదు. మన పోలీసుకు మాత్రం ఉంది: పొలిస్ నుంచి పొలితేయా, పౌరపాలన, అది లాటిన్, ఫ్రెంచి మీదుగా ఠాణాకు చేరింది.

చివర ‘పోలిస్’ కనిపించకపోయినా ఊరిని వదిలేయకండి, పాత రూపం వెతకండి. ఇటలీలో నేపుల్స్, పాలస్తీనాలో నబ్లుస్, రెండూ ఒకప్పుడు నెఆపొలిస్‌లే. అరబ్బీలో ‘ప’ లేదు గనక రెండోదానిలో ‘బ’ వచ్చింది. నెఆ అంటే కొత్త. షాద్‌నగర్ దారిలో మనకూ ఒక నెఆపొలిస్ ఉంది, కొత్తూరు.