రిమోట్ నాయనమ్మ చేతిలో: ఇంటి వీడియోలకు డీవీడీ మెనూ

హోస్ట్: నమస్కారం. ఈసారి విద్యానగర్‌లో మా బాబాయ్ వాళ్ళింట్లో, ముందు గదిలో కూర్చుని మాట్లాడుతున్నాం. ఫ్యాన్ ఆపేశాం, కిటికీ మూశాం. అయినా కింద ఆటోల చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. బాబాయ్ ఇరవై ఏళ్ళకు పైగా పెళ్ళి వీడియోల మిక్సింగ్ చేశాడు. మొన్న దసరాకి మా అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్లు, 1996 నాటివి, డీవీడీగా చేసి నాయనమ్మ చేతిలో పెట్టాడు. అందులో మెనూ చూశాక దాని గురించి ఒక ఎపిసోడ్ చేయకుండా ఉండలేకపోయాను. బాబాయ్, అందరూ అడిగేది ముందు నేనే అడుగుతా. ఇప్పుడు డీవీడీ ఎందుకు? పెన్‌డ్రైవ్ చాలదా?

బాబాయ్: పెన్‌డ్రైవ్ మీ నాన్నకిచ్చిన. మా అమ్మకి, అంటే మీ నాయనమ్మకి, మాత్రం డీవీడీనే. ఎనభై దాటినయ్ ఆమెకు. పెన్‌డ్రైవ్ పెడితే టీవీల ఫైళ్ళ పేర్లు వస్తయ్, అన్నీ ఇంగ్లిష్‌ల. యాడికి పోవాలె ఆమె? డీవీడీ అయితే పెట్టంగనే తెలుగుల ఒక పేజీ వస్తది. రిమోట్ మీద నాలుగు బాణాలు, నడుమ ఓకే. ఆ ఐదు మీటలు ఆమెకు వచ్చు. మెనూ చేసేటప్పుడు నేను ఆ ఐదు మీటలనే కళ్ళ ముందు పెట్టుకున్న.

హోస్ట్: సరే, మొదటి నుంచి చెప్పు. కంప్యూటర్‌లో వీడియో ఉంది. మెనూ ఎట్లా మొదలుపెట్టాలి?

బాబాయ్: కంప్యూటర్ తర్వాత. ముందు కాయితం, పెన్ను. ఇంట్లో వాళ్ళు ఆ క్యాసెట్ పెట్టమన్నప్పుడు ఏ మాట అంటరో అది రాసుకోవాలె. మన ఇంట్ల ఎవరన్నా ‘పార్ట్ వన్ పెట్టు’ అన్నరా ఎప్పుడన్నా? ‘జీలకర్ర బెల్లం కాడ పెట్టు’ అంటరు. ‘తలంబ్రాలు పెట్టు’ అంటరు. మీ అమ్మ అయితే ‘అప్పగింతలు ఒద్దు, అది దాటియ్యి’ అంటది. గవే బటన్ల పేర్లు.

హోస్ట్: అమ్మ ఇప్పటికీ అది చూడదు.

బాబాయ్: చూడదు. అందుకే అప్పగింతలకు విడిగ బటన్ పెట్టిన, పెళ్ళి మొత్తం చూసే బటన్ నొక్కితే అది రాకుండ. చూడాలనిపించినోళ్ళు అటు పోతరు. డీవీడీల ఒక్కో టైటిల్‌కి, అంటే ఒక్కో వీడియోకి, 99 చాప్టర్ల దాకా పెట్టుకోవచ్చు. చాప్టర్ అంటే మెనూల నుంచి నేరుగ దుంకే చోటు. అన్ని ఎవరికి కావాలె? మొదటి పేజీల ఐదారు బటన్లు, అంతే.

హోస్ట్: ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశావు?

బాబాయ్: ఒకప్పుడు మా పనంతా అడోబ్ ఎన్‌కోర్‌ల, డీవీడీలు చేసే ప్రోగ్రాం అది. సీఎస్6 అనే వర్షన్‌తోనే దాన్ని ఆపేసిండ్రు. విండోస్ విస్టాల, 7ల డీవీడీ మేకర్ అని దాంతోనే వచ్చేది, 8 నుంచి అదీ పోయింది. ఇప్పుడు ఇంటి పనికి డీవీడీ స్టైలర్ చాలు. ఉచితం, మెనూలు మనిష్టం వచ్చినట్టు గీసుకోవచ్చు. మొదలే పాల్ (PAL) అనే టీవీ పద్ధతి పెట్టుకోవాలె, మన దేశంల టీవీలకు అదే. బొమ్మ 720 బై 576 చుక్కలు, అంటే పిక్సెళ్ళు, సెకనుకి 25 ఫ్రేములు.

హోస్ట్: నువ్వు బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ 1024 బై 576లో చేయడం చూశాను. మరి 720 అంటున్నావు?

బాబాయ్: మంచిగ పట్టుకున్నవ్. డీవీడీల చుక్కలు చతురస్రంగ ఉండవు. వైడ్ టీవీల డిస్క్‌ల ఉన్న 720ని అడ్డంగ సాగదీసి చూపిస్తది. ముందే 720ల గుండ్రటి బొట్టు గీస్తే టీవీల కోడిగుడ్డు లెక్క అయితది. అందుకే 1024ల గీసి, ఆఖర్న 720కి నొక్కాలె. కంప్యూటర్ల మొహాలు సన్నగ కనిపిస్తయ్, భయపడొద్దు. టీవీల సక్కగొస్తది. పాత నాలుగు బై మూడు టీవీకైతే 768ల గీయాలె.

హోస్ట్: మరి తెలుగు అక్షరాలు? నేను ఒకసారి ప్రయత్నిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి.

బాబాయ్: ఆ గోస నాకు తెలుసు. కొన్ని ప్రోగ్రాములకు తెలుగు అక్షరం కూర్చుడు రాదు. ‘పెళ్ళి’ అని కొడితే ళ కింద ళ వత్తు పోదు, పొల్లు పెట్టి పక్కన కూసుంటది. అందుకే మెనూ సాఫ్ట్‌వేర్‌ల తెలుగు టైపు చేయను. ఫోటోషాప్‌ల రాసి, బొమ్మగ తెచ్చి పెడత. ఫోటోషాప్ పాత వర్షన్లల్ల కూడ టైప్ సెట్టింగులల్ల సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకోవాలె, లేకుంటె అక్కడా అంతే. మా స్టూడియోల దినాలల్ల అను ఫాంట్లు వాడేటోళ్ళం, వాటి కీబోర్డు లెక్కే వేరు. ఇప్పుడు రామభద్ర, మల్లన్న, ఇవన్నీ యూనికోడ్‌ల ఉచితంగ దొరుకుతయ్. మెనూకి రామభద్ర నాకిష్టం. లావుగ ఉంటది.

హోస్ట్: లావుగా ఉండాలా?

బాబాయ్: ఉండాలె. పాత టీవీ బొమ్మని గీత విడిచి గీత వేస్తది. ఒక్క చుక్క మందం గీత పెడితే అది వణుకుతది, కనిపించి మాయమైతది. మన లిపిల తలకట్టు, వత్తు తోక, అన్నీ సన్న గీతలే. ‘తలంబ్రాలు’ల బ కింద క్రావడి ఉన్నది చూడు, సన్న ఫాంట్‌ల అది సగం పోతది. మూడు చుక్కల కంటే సన్నగ ఏదీ ఉండనియ్యను. ఇంకోటి, అంచుల నుంచి పదో వంతు ఖాళీ. పాత డబ్బా టీవీ అంచు కోసేస్తది. అమ్మ గదిల టీవీ కూడ కొంచెం అంచు కోస్తది. ‘జీలకర్ర’ల జీ పోతే ‘లకర్ర’ అని చదువుకోవాలె.

హోస్ట్: నువ్వు చేసిన మొదటి డిస్క్ నాయనమ్మకు పనిచేయలేదు కదా. అది చెప్పు.

బాబాయ్: చెప్తా. నాకు మస్తు బాధైంది. ఆమె ఓకే నొక్కుతుంది, ఏదో మొదలైతుంది, ఆమెకు కావాల్సింది కాదు. మళ్ళీ మెనూకి వస్తుంది, మళ్ళీ నొక్కుతుంది. రిమోట్ పక్కన పెట్టి ‘నాకు రాదురా’ అన్నది. తప్పు నాది. ఏ బటన్ మీద ఉన్నదో ఆమెకు కనిపిస్తలేదు. హైలైట్ రంగు కుంకుమ ఎరుపు పెట్టిన, వెనకేమో మీ అమ్మ పెళ్ళి చీర. అదీ ఎరుపే.

హోస్ట్: హైలైట్ అంటే బటన్ మీదికి వెళ్తే రంగు మారేది.

బాబాయ్: అదే. అది బొమ్మల భాగం కాదు. బొమ్మ మీద ఇంకో పలచటి పొర ఉంటది. సినిమాకి సబ్‌టైటిల్స్ వేసే పొరనే. దాంట్ల నాలుగు రంగులే ఉంటయ్, ఒకటి పారదర్శకం. మెత్తటి అంచులు, నీడలు ఏవీ రావు. అక్షరానికే రంగు మారాలని పెడితే సున్నాల గుండ్రమంతా రంపం పళ్ళ లెక్క కనిపిస్తది. ఇంగ్లిష్ మెనూలల్ల కింద గీత పెడతరు. మనకు కింద గీత పెడితే?

హోస్ట్: వత్తులు దాని మీద పడతాయి.

బాబాయ్: వత్తులల్ల కలిసిపోతది! ‘అప్పగింతలు’ కింద గీత పెట్టి చూసిన, ప వత్తు కనిపియ్యలే. అందుకే గుర్తు ఎడమ పక్కన పెట్టిన. పేరుకి ముందు పసుపు రంగుల ఒక దిమ్మె, చదరంగ, ఇంత లావు. రెండో డిస్క్ పెట్టి చూపిస్తే అమ్మ ఒక్కటే మాట అన్నది, ‘పసుపు ఏడుంటే అక్కడున్న’. అయిపోయింది, ఇంకేం నేర్పలే.

హోస్ట్: బాణాల దారి కూడా మార్చావు అన్నావు?

బాబాయ్: ప్రతి బటన్‌కి నాలుగు దిక్కులుంటయ్. పైకి నొక్కితే యాడికి, కిందికి నొక్కితే యాడికి, మనం చెప్పాలె. సాఫ్ట్‌వేర్‌కే వదిలేస్తే రెండు వరుసల బటన్లుంటే అడ్డదిడ్డంగ దూకుతది. నేను ఒక్కటే వరుస పెట్టిన, నిలువుగ. కుడి బాణం నొక్కినా కిందికే, ఎడమ నొక్కినా పైకే. ఆఖరి బటన్ కాడ కిందికి నొక్కితే మళ్ళీ మొదటికి. ఏ మీట నొక్కినా ఆమెకు ఏదో ఒకటి కదలాలె. కదలకుంటె పాడైందనుకుంటది.

హోస్ట్: వెనక సన్నాయి వస్తుంది కదా, అది బాగుంది.

బాబాయ్: ముప్పై సెకన్లు. అయిపోయి మళ్ళీ మొదలయ్యే కాడ ప్లేయర్ కొంచెం ఆగుతది, దాన్ని తప్పించలేం. అందుకే ఆఖరి మూడు సెకన్లు సన్నాయిని మెల్లగ తగ్గించుకుంట తెచ్చిన. తెగినట్టుండదు, ఊపిరి తీసుకున్నట్టుంటది. చాప్టర్ కూడ అంతే, సరిగ్గ గట్టిమేళం మొదలైన కాడ పెట్టొద్దు. డీవీడీల వీడియో అరసెకను ఫ్రేముల గుంపులుగ ఉంటది, దుంకితే గుంపు మొదట్లనే పడతది. రెండు సెకన్లు ముందు పెడితే అయ్యగారు చెయ్యి ఎత్తుడు కూడ కనిపిస్తది.

హోస్ట్: పెద్దత్త కూతురి పెళ్ళి డీవీడీ గుర్తుందా?

బాబాయ్: మర్చిపోతనా! ఆ స్టూడియో వాళ్ళు మొదట రెండు నిమిషాలు వాళ్ళ ప్రకటన పెట్టిండ్రు. ఫోన్ నంబర్, పాట, అన్నీ. దాటేద్దామంటే రిమోట్ పని చేయదు. డిస్క్‌ల ఏ మీట పనిచేయొద్దో తాళం వేసే సౌకర్యం ఉంటది, అది వాడిండ్రు. పైసలిచ్చి చేయించుకున్న పెళ్ళి వాళ్ళది. చూసినప్పుడల్ల రెండు నిమిషాలు వేరేటోళ్ళ మొహాలు చూడాల్నా? నాకిప్పటికీ కోపమే. మన డిస్క్ పెట్టంగనే మెనూ రావాలె.

హోస్ట్: డిస్క్ మీద రాసే ముందు పరీక్షించడం ఎట్లా?

బాబాయ్: ముందు ఐఎస్‌ఓ ఫైల్ చేసుకో, అంటే డిస్క్ మొత్తానికి నకలు. దాన్ని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌ల తెరువు. మెనూ మొత్తం నడుస్తది. తర్వాత రీరైటబుల్ డిస్క్ మీద, అంటే చెరిపి మళ్ళీ రాసుకునే దాని మీద, రాసి అసలు టీవీల చూడు. అప్పుడు మంచి డీవీడీ-ఆర్ మీద, అంటే ఒక్కసారే రాసే డిస్క్ మీద, తక్కువ స్పీడ్‌ల. ఒక్క డిస్క్‌ల 4.7 జీబీ. రెండు గంటలు మంచిగ పడతది. నాలుగు గంటలు ఇరికిస్తే మొహాలు గళ్ళు గళ్ళుగ వస్తయ్, రెండు డిస్కులు చేసుకోండ్రి. డిస్క్ మీద స్టిక్కర్ అంటియ్యొద్దు, తిరిగేటప్పుడు బరువు ఒక దిక్కు పోతది.

హోస్ట్: ఇప్పుడు మొదటి బటన్ గురించి. దాని మీద పేరు లేదు.

బాబాయ్: లేదు. చూడు, మెనూ రాంగనే ఏదో ఒక బటన్ మీద గుర్తు ఉంటది. ఏ బాణం ముట్టకుండ ఓకే నొక్కితే వచ్చేది అదే. అది అమ్మ కోసం ఉంచిన. ఆ క్యాసెట్లల్ల మా నాయిన యాడ యాడ ఉన్నడో అన్నీ ఏరిన. మూడు క్యాసెట్లల్ల కలిపి నాలుగు నిమిషాలే. భోజనాల కాడ బంతిల పప్పు వడ్డిస్తుండు, కెమెరా ఆయన దిక్కు తిరిగింది. గరిటె పట్టుకునే ఆగి, కెమెరా పట్టుకున్న పిలగాన్ని అడుగుతడు, ‘నువ్వు తిన్నవా?’ అని. మైక్‌ల స్పష్టంగ పడ్డది.

హోస్ట్: నేను తాత గొంతు వినడం అదే మొదటిసారి.

బాబాయ్: పేరు రాద్దామని కూసున్న. ‘నాన్న’ అని రాస్తే అది నాకు, మీ నాన్నకు. ‘తాత’ అంటే మీకు. అమ్మను అడిగిన, ఏం రాయాలమ్మా అని. ఆమె ఆయన పేరు నోటితోటి ఎప్పుడూ అనలేదు. ‘మీ నాయిన’ అంటది, లేకుంటె ఏమీ అనదు. జర సేపు ఊరుకుని, ‘రాయకు’ అన్నది. సరే అని గరిటె పట్టుకున్న ఫ్రేమే తీసి, చిన్నగ కోసి, పేర్లన్నిటికంటే పైన పెట్టిన. దానికి పక్కన దిమ్మె పెట్టలే. బటన్ మీదికి వస్తే ఫోటో చుట్టూ పసుపు చట్రం వస్తది, ఆరు చుక్కల మందం. అమ్మ గదిల మంచం మీద నుంచి టీవీ తొమ్మిది అడుగులు. కొలిచిన. అక్కడ పండుకునే చూసినా కనిపిస్తుంది.