పెదనాన్న హెరాల్డు

శ్రోతలకు నమస్కారం.

మద్రాసు మాంబళంలో పెరిగిన మాకు సొంత ఊరి కారంటే అంబాసిడరూ కాదు, ఫియట్టూ కాదు. ఒకటి కలకత్తా వైపు నుంచి, ఇంకోటి బొంబాయి నుంచి వచ్చేవి. మద్రాసు శివార్లలో, వండలూరు వైపు తయారైంది స్టాండర్డ్ హెరాల్డ్. 1961లో వచ్చింది. ఇంగ్లండు వాళ్ల ట్రయంఫ్ హెరాల్డే దానికి మూలం.

మా పెదనాన్నది సెకండ్ హ్యాండు బండి. రెండే తలుపులు. ముందు సీటు మడిస్తే గానీ వెనక్కి ఎక్కలేం. నాయనమ్మ కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, "తోయకండర్రా, ఉండండి" అంటూ తల వంచి ఎక్కేది. సందులో కారు తిప్పడం మాత్రం ఎంత సులువో! మా వీధి మొగలో అంబాసిడర్లు వెనక్కీ ముందుకీ అవస్థపడేవి. హెరాల్డు ఒక్క తిప్పుతో వచ్చేసేది.

ఆదివారం పొద్దున పెదనాన్న బానెట్ ఎత్తేవాడు. అది మడ్‌గార్డులతో సహా మొత్తంగా ముందుకి ఒరిగేది. ఆయన పీట మీద కూర్చున్నట్టు ముందు టైరు మీదే కూర్చుని, ప్లగ్గులు విప్పి, గరుకు కాగితంతో మసి రుద్దేవాడు. మెకానిక్కు కూలి మిగిలేది.

అది మిగలడం అవసరం. కారున్న ఇల్లు కలిగిన ఇల్లని అందరూ అనుకునేవారు గానీ, అవి గట్టి రోజులు కావు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు, డాలరు 4.76 నుంచి 7.50 రూపాయలైంది. వానలూ లేవు. 1967 ఎన్నికల్లో అన్నాదురై పార్టీ రూపాయికి మూడు పడుల బియ్యమిస్తానంది. పడి అంటే అక్కడి కొలపాత్ర. గెలిచాక మద్రాసులోనూ కోయంబత్తూరులోనూ రూపాయికి ఒక పడి ఇచ్చింది. ఆ బియ్యానికి పెద్దమ్మా నేనూ సంచి పట్టుకుని నడిచే వెళ్లేవాళ్లం. పడి బియ్యం కోసం పెట్రోలు తగలేస్తారా ఎవరైనా? కారు ఇంటి ముందే ఉండేది.

1973 చివర్లో అరబ్బు దేశాలు చమురు బిగించాయి. పీపా 3 డాలర్ల దగ్గరున్న ముడిచమురు కొన్ని నెలల్లో 12 డాలర్ల దరిదాపుకి పోయింది. ఇక హెరాల్డు మీద దుప్పటి కప్పేశారు. వీధిలో ఎవరికైనా పురుడొస్తే, సెంట్రల్ స్టేషనుకి పెద్దవాళ్లని దింపాల్సి వస్తే తీసేవారు. పెట్రోలు అడిగినవాళ్లే పోయించేవారు. పెదనాన్న అందుకు చిన్నబుచ్చుకోలేదు, వాళ్లూ చిన్నబుచ్చుకోలేదు.

ఆయన చిట్టా పుస్తకం నా దగ్గరుంది. పాలు, కిరసనాయిలు, బియ్యం, మధ్యలో పెట్రోలు, అన్నీ ఒకే పేజీలో. 1974 పేజీల్లో పెట్రోలు అన్న మాట కనబడాలంటే చాలా తిరగేయాలి.