సబా దిండు కింద రొట్టె

అందరికీ నమస్తే. నిజామాబాద్ నుంచి, జగిత్యాల నుంచి ఇజ్రాయెల్ వచ్చి ముసలివాళ్లను చూసుకునే పని చేస్తున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నేను పనిచేసే ఇంటి సంగతి చెప్తాను. హీబ్రూలో సబా అంటే తాత, సవ్తా అంటే అవ్వ. సబా గురించి కంటే సవ్తా గురించే ఎక్కువ.

సబాది హంగరీ. 1944లో మే నుంచి జూలై లోపల, రెండు నెలలు తిరక్కుండానే అక్కడి నుంచి 4 లక్షలకు పైగా యూదులను రైళ్లలో తరలించారు. ఎక్కువమందిని ఆష్విట్జ్‌కే, అంటే యూదులను చంపడానికి నాజీలు పెట్టిన క్యాంపుకే. అప్పుడు సబాకు 14 ఏళ్లు. రైలు దిగిన రోజే అమ్మనూ చెల్లెలినీ వేరే వరుసలోకి, చావుకు పంపే వరుసలోకి పంపారు.

సవ్తా పుట్టింది టెల్ అవీవ్‌లో. పెళ్లయి 58 ఏళ్లు. ఇన్నేళ్లలో ఆయన ఆ ఊసు ఎత్తలేదు, ఈమె అడగలేదు. ఆయన చేతి మీద క్యాంపులో పొడిచిన ఖైదీ నంబరు మాత్రం రోజూ కనబడేది. ఇప్పుడు సబాకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. అందులో దగ్గరి జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి. సబాకు పెళ్లి, పిల్లలు, హీబ్రూ అన్నీ పోయాయి. మిగిలింది హంగేరియన్, ఆ క్యాంపు.

స్నానం అంటే మా ఇంట్లో పెద్ద టెన్షన్. షవర్ చప్పుడు వింటే ఆయన తలుపు పట్టుకుని వదలడు. ఆ క్యాంపులో చంపే గ్యాస్ గదులను స్నానాల గదులని నమ్మించి మనుషులను లోపలికి పంపేవాళ్లు. నాకు ఇది తెలియదు. మొదటివారం బలవంతంగా లాక్కెళ్లాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే. తర్వాత మన ఊళ్లోలాగా బకెట్, మగ్గు పెట్టాను. సవ్తా పక్కన స్టూలేసుకుని కూర్చుని, ముందు ఆయన చేతి మీద కాసిని పోసి "మెలెగ్ వీజ్" అంటుంది. వేడినీళ్లు అని. 80 దాటాక పక్కింటావిడ దగ్గర నేర్చుకుంది ఆ ముక్కలు.

"అన్యు ఏది?" అంటాడు. అమ్మ ఏదని. మొదట్లో సవ్తా నిజం చెప్పేదట. విన్న ప్రతిసారీ ఆయనకు అమ్మ అప్పుడే పోయినట్టు. ఇప్పుడు "వస్తుంది, నువ్వు తిను" అంటుంది. కూతురికి ఇది నచ్చదు, అబద్ధమంటుంది. నేను సవ్తా పక్షమే.

దిండు కింద రొట్టె ముక్కలు దాస్తాడు. దుప్పటి మార్చేటప్పుడు అలాంటివి పారేయకండి. సవ్తా ఎండినవి తీసి, అన్నే తాజా ముక్కలు పెడుతుంది. లెక్క తప్పితే ఆయన పసిగడతాడు.

మొన్న బట్టలు మెషిన్‌లో వేస్తుంటే సవ్తా నైటీ జేబులో సగం ముక్క దొరికింది. రాత్రి ఆయనే విరిచి ఆమె చేతిలో పెట్టి, దాచుకో అని సైగ చేశాడట.

"నన్ను పక్క మంచం ఖైదీ అనుకున్నాడు" అంది.

పారేయనా అని అడిగాను. "మళ్లీ అడిగితే చూపించాలి కదా" అని, ఆ ముక్క తీసుకుని ఒంటిమీదున్న నైటీ జేబులో వేసుకుంది.