కుక్క మొరిగింది, ఇంట్లోవాళ్లు లేవలేదు

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: యాంకర్; హైదరాబాద్‌లో పనిచేసే సైబర్ సెక్యూరిటీ ఇంజనీర్; బ్యాంకు కార్డుల విభాగంలో పనిచేసి రిటైరైన అధికారిణి; తెనాలిలో రెండు సూపర్ మార్కెట్లు నడుపుతున్న వ్యాపారి.)

యాంకర్: నమస్కారం. కార్డు గీకుతాం, పిన్ కొడతాం, బిల్లు చేతికొస్తుంది, బయటికొచ్చేస్తాం. ఆ కాసేపట్లోనే కార్డు వివరాలు ఎగరేసుకుపోయే సాఫ్ట్‌వేర్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. ముందు షాపు నడిపే మీరే చెప్పండి. మీ కౌంటర్లో అలా జరిగే అవకాశం ఉందా?

వ్యాపారి: మా దగ్గర పిల్లలు నమ్మకస్తులండీ. కస్టమర్ చేతిలోంచి కార్డు తీసుకోవద్దని గట్టిగా చెప్పాను. మెషినే వాళ్ల ముందుకు జరుపుతాం.

ఇంజనీర్: మంచి పనే చేశారు. కానీ ఈ దొంగతనానికి కౌంటర్లో మనిషితో పని లేదు. కార్డు వెనక నల్ల పట్టీ ఉంటుంది చూడండి, అందులో కార్డు నంబరు, గడువు తేదీ, ఇంకొన్ని కోడ్‌లు ఒక వరసలో ఉంటాయి. గీకగానే అవి బిల్లింగ్ కంప్యూటర్‌కి చేరతాయి. నెట్‌వర్క్‌లో వెళ్లేటప్పుడు తాళం వేసి, అంటే రహస్య కోడ్‌గా మార్చి, పంపొచ్చు, డిస్క్‌లో దాచేటప్పుడు తాళం వేయొచ్చు. లెక్క చూడాలంటే మాత్రం కంప్యూటర్ వాటిని ఒక్క క్షణమైనా మెమరీలో విప్పి పెట్టుకోవాలి.

అధికారిణి: మా బ్యాంకులో నగదు లాగే. వ్యాన్‌కి తాళం, లాకరుకి తాళం. లెక్కపెట్టేటప్పుడు మాత్రం టేబుల్ మీద పరవాల్సిందే కదా.

ఇంజనీర్: అంతే మేడమ్. ఈ సాఫ్ట్‌వేర్ ఆ టేబుల్ కింద కూర్చుంటుంది. మెమరీని అదే పనిగా గాలిస్తూ, కార్డు నంబరులా కనిపించిన ప్రతి వరసనీ పట్టుకుంటుంది. కార్డు నంబర్లో చివరి అంకె మిగతా అంకెల లెక్కకి సరిపోవాలని ఒక నియమం ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఆ లెక్క కూడా వచ్చు. ఫోన్ నంబరో బార్‌కోడో అయితే వదిలేసి, అసలు కార్డులే ఏరుకుంటాయి.

యాంకర్: పెద్ద ఎత్తున ఎక్కడ జరిగింది?

ఇంజనీర్: అందరూ చెప్పుకునేది అమెరికాలో టార్గెట్ అనే పెద్ద స్టోర్ల కంపెనీ సంగతి. 2013 నవంబరు 27 నుంచి డిసెంబరు 15 వరకు. వాళ్లకి థ్యాంక్స్‌గివింగ్, ఆ మర్నాడు బ్లాక్ ఫ్రైడే, తర్వాత క్రిస్మస్ కొనుగోళ్లు. మనకి సంక్రాంతి ముందు బట్టల షాపులు ఎలా ఉంటాయో అలా. 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు పోయినవాళ్ల సంఖ్య 7 కోట్ల దాకా. అక్కడ మన తెలుగువాళ్లు వారానికి ఒకసారైనా వెళ్లే షాపు అది. ఆ డిసెంబరులో కొత్త కార్డు అందుకున్న స్నేహితులు నాకే ఉన్నారు.

వ్యాపారి: అంత పెద్ద కంపెనీలోకి ఎలా దూరారండీ?

ఇంజనీర్: ఏసీ కాంట్రాక్టరు ద్వారా.

వ్యాపారి: ఏసీ...?

ఇంజనీర్: (నవ్వుతూ) పెన్సిల్వేనియాలో ఫ్రిజ్‌లు, ఏసీలు చూసే ఒక చిన్న కంపెనీ. బిల్లులు పెట్టుకోవడానికి, పనుల వివరాలు పంపడానికి వాళ్లకి టార్గెట్ ఒక లాగిన్ ఇచ్చింది. దొంగలు ముందు ఆ చిన్న కంపెనీకి ఒక మోసపు మెయిల్ పంపి ఆ లాగిన్ లాగారు. అక్కడినుంచి లోపల ఒక్కో గది దాటుకుంటూ బిల్లింగ్ కౌంటర్ల దాకా వెళ్లారు. ముందు కొన్ని కౌంటర్లలోనే పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకున్నారు. నవంబరు ఆఖరుకల్లా చాలా స్టోర్లకి ఎక్కించేశారు. పోగైన సరుకుని లోపలే ఒక సర్వర్‌లో దాచి, పగలు పనివేళల్లోనే బయటికి పంపారు. రద్దీలో కలిసిపోతే ఎవరూ పట్టించుకోరని.

యాంకర్: ఎవరికీ అనుమానం రాలేదా?

ఇంజనీర్: వచ్చింది. నాకు మనసు చివుక్కుమనేది అక్కడే. ఆ దాడికి ఆరు నెలల ముందే టార్గెట్ 16 లక్షల డాలర్లు పెట్టి కొత్త నిఘా వ్యవస్థ పెట్టించింది. అది ఇచ్చే హెచ్చరికలు చూసే బృందం ఎక్కడుందనుకున్నారు? బెంగళూరులో. నవంబరు 30న వాళ్లకి హెచ్చరిక వచ్చింది. వెంటనే మిన్నియాపోలిస్‌లోని ప్రధాన కార్యాలయానికి చెప్పారు. ఇదంతా బ్లూమ్‌బర్గ్ పత్రిక 2014 మార్చిలో బయటపెట్టింది. అప్పటికి కార్డుల వివరాలు ఇంకా బయటికి వెళ్లడం మొదలవలేదు.

అధికారిణి: మరి?

ఇంజనీర్: మరేమీ లేదు మేడమ్. దాన్నిబట్టి వెంటనే చేయాల్సిందేమీ లేదని ప్రధాన కార్యాలయం వాళ్లు అనుకున్నారు. అలాంటి సాఫ్ట్‌వేర్ కనిపిస్తే దానంతటదే తుడిచేసే ఏర్పాటు కూడా ఆ వ్యవస్థలో ఉంది. దాన్ని ఆపి ఉంచారు. చివరికి డిసెంబరు 12న అమెరికా న్యాయశాఖ వాళ్లే వచ్చి మీ ఇల్లు దోచేస్తున్నారని చెప్పాల్సి వచ్చింది. 18న బ్రయాన్ క్రెబ్స్ అనే విలేకరి రాశాడు, 19న కంపెనీ ఒప్పుకుంది.

అధికారిణి: దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు మనవాళ్లు. ఇక్కడ పాపం కుక్క వేళకే మొరిగింది. ఇంట్లోవాళ్లే లేవలేదు.

ఇంజనీర్: అయితే ఆ సీట్లో కూర్చున్నవాడిగా ఒక మాట. రోజుకి వందలకొద్దీ హెచ్చరికలొస్తాయి, చాలావాటిలో ఏమీ ఉండదు. నైట్ షిఫ్టులో వాటిని ఒక్కొక్కటీ క్లోజ్ చేస్తూ కూర్చుంటే, అసలుది వచ్చినా చెయ్యి అలవాటుగానే క్లిక్ చేసేస్తుంది. బెంగళూరు వాళ్లు అలా చెయ్యలేదు. పైకి చెప్పారు. అంతకుమించి వాళ్ల చేతిలో ఏముంది?

యాంకర్: మేడమ్, ఈ వివరాలతో దొంగలు ఏం చేసుకుంటారు?

అధికారిణి: ఖాళీ కార్డు మీద ఆ వరస ఎక్కిస్తే నకిలీ కార్డు తయారు. అప్పట్లో అమెరికాలో ఎక్కువగా నల్ల పట్టీ, సంతకం, అంతే. టార్గెట్‌లో పోయిన కార్డులు ఇంటర్నెట్‌లోని దొంగ అంగళ్లలో ఒక్కొక్కటి 20 డాలర్ల నుంచి 100 పైచిలుకు దాకా అమ్ముడుపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి. చిత్రమేంటంటే, మన దగ్గర షాపుల్లో డెబిట్ కార్డుకి పిన్ తప్పనిసరి అయింది సరిగ్గా ఆ రోజుల్లోనే. 2013 డిసెంబరు 1 నుంచి. అబ్బో, ఆ నెలంతా మాకు తిట్లే! "నా డబ్బు నేను వాడుకోవడానికి నాలుగంకెలు గుర్తుపెట్టుకోవాలా" అని ఒక పెద్దాయన కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడ్డాడు. పాస్‌బుక్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో పిన్ రాసి తెచ్చి చూపించాడు కూడా.

యాంకర్: (నవ్వు) టార్గెట్‌కి ఖర్చెంత?

ఇంజనీర్: బీమా పోను 20 కోట్ల డాలర్ల పైమాటే. సీఈవో 2014 మేలో దిగిపోయాడు. 2017లో 47 రాష్ట్రాలతో రాజీకి కోటీ 85 లక్షల డాలర్లు కట్టారు. ఆ మధ్యలోనే, 2014లో హోమ్ డిపో అనే ఇంటి సామాన్ల స్టోర్ల కంపెనీలో 5 కోట్ల 60 లక్షల కార్డులు పోయాయి. అక్కడా బయటి కాంట్రాక్టరు లాగినే.

వ్యాపారి: అవన్నీ మహా సముద్రాలండీ. మాలాంటి చెరువుల్లో వలేసేవాడెవడు?

ఇంజనీర్: రోమన్ సెలెజ్‌న్యోవ్ అని ఒకడున్నాడు. రష్యా పార్లమెంటు సభ్యుడి కొడుకు. అతను ఏరికోరి పట్టింది మీలాంటివాళ్లనే. అమెరికాలో పిజ్జా షాపులు, చిన్న హోటళ్లు. దూరం నుంచి కంప్యూటర్ నడపడానికి రిమోట్ సౌకర్యం ఉంటుంది కదా, అది తెరిచి వదిలేసిన బిల్లింగ్ కంప్యూటర్లు ఇంటర్నెట్‌లో ఎక్కడున్నాయో వెతికేవాడు. పాస్‌వర్డ్ తేలికైతే లోపలికి. సియాటిల్‌లో ఒక రెస్టారెంట్ ఆ దెబ్బకి దివాలా తీసింది. 2014లో మాల్దీవులలో పట్టుకున్నప్పుడు అతని ల్యాప్‌టాప్‌లో 17 లక్షల కార్డు నంబర్లున్నాయి. 2017లో 27 ఏళ్ల శిక్ష వేశారు. 2024 ఆగస్టులో ఖైదీల మార్పిడిలో రష్యాకి పంపేశారు, అది వేరే కథ.

వ్యాపారి: రిమోట్ అంటే... మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పిల్లాడు ఊళ్లోంచి లోపలికొచ్చి జీఎస్టీ రేట్లు మార్చిపోతాడే, అదేనా?

ఇంజనీర్: అదే. పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

వ్యాపారి: (కాసేపు ఆగి) అందరికీ తెలుసండీ. పోయిన దసరాకి బిల్లింగ్ ఆగిపోయి, కౌంటర్ ముందు ఇరవైమంది నిలబడితే ఒకటే టెన్షన్. ఫోన్లో నంబర్లు చెప్పలేక, ఐడీ, పాస్‌వర్డ్ రెండూ స్టిక్కర్ మీద రాసి మానిటర్‌కి అంటించాడు. ఆ కంపెనీ చూసే షాపులన్నిటికీ అదే పాస్‌వర్డ్ అనుకుంటా.

(నవ్వులు)

ఇంజనీర్: నవ్వుకోవచ్చు గానీ, ఏసీ కాంట్రాక్టరు కథకీ దీనికీ తేడా ఏముంది చెప్పండి? ఒక్కటి మాత్రం మీ అదృష్టం. మీ స్వైపింగ్ మెషిన్ బిల్లింగ్ కంప్యూటర్‌కి కలిపి ఉందా?

వ్యాపారి: లేదండీ. దానికి సిమ్ వేరే. మొత్తం చేత్తో కొడతాం.

ఇంజనీర్: అయితే కార్డు వివరాలు కంప్యూటర్ దాకా రావు. చిన్న షాపుల్లో చాలావరకు ఇంతే. కంప్యూటర్లోంచి బిల్లు మొత్తం దానంతటదే మెషిన్‌కి వెళ్లే పెద్ద స్టోర్లలో అసలు జాగ్రత్త కావాలి. అక్కడ కూడా కార్డు పెట్టిన చోటే తాళం పడి, బ్యాంకు వైపు మాత్రమే తెరుచుకునే ఏర్పాటు ఉంటే కంప్యూటర్లో గాలించినా దొరికేది చెత్తే.

యాంకర్: ఇప్పుడు అన్నీ చిప్ కార్డులే కదా. ఇంకా భయమెందుకు?

అధికారిణి: చిప్ ప్రతిసారీ కొత్త కోడ్ ఇస్తుంది. నిన్నటిది ఈరోజు చెల్లదు, కాబట్టి నకిలీ కార్డు చేయడం దాదాపు కుదరదు. కానీ నంబరు, గడువు తేదీ చేతికి చిక్కితే, ఓటీపీ అడగని విదేశీ సైట్లున్నాయి. 2019 అక్టోబరులో జోకర్స్ స్టాష్ అనే దొంగ అంగట్లో 13 లక్షల కార్డులు అమ్మకానికొచ్చాయి. అందులో నూటికి 98 మన దేశపు బ్యాంకులవి. అందుకే కార్డుకి విదేశీ లావాదేవీలు ఆపెయ్యమని అందరికీ చెబుతాను. బ్యాంకు యాప్‌లో ఒక మీట నొక్కడమే.

ఇంజనీర్: దొంగలూ ఊరుకోరు. బ్రెజిల్‌లో ప్రిలెక్స్ అని ఇలాంటి దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఆనించి కట్టే పద్ధతిలో నంబరు ప్రతిసారీ మారుతుంది కాబట్టి, అది ఆ పద్ధతినే అడ్డుకుంటుంది. తెర మీద తప్పు వచ్చినట్టు చూపించి, కార్డు లోపల పెట్టమంటుంది. 2023 మొదట్లో కాస్పర్‌స్కీ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ వాళ్లు పట్టుకున్నారు.

అధికారిణి: మన దగ్గర మెషిన్ నిజంగానే మొరాయిస్తుంది కదా బాబూ, తేడా ఎలా తెలుస్తుంది?

ఇంజనీర్: కస్టమర్‌కి తెలియదు మేడమ్. అందుకే చూడాల్సింది షాపు, బ్యాంకు.

యాంకర్: డబ్బు పోతే?

అధికారిణి: ఎస్ఎంఎస్ చూడగానే కార్డు బ్లాక్ చేసి, బ్యాంకుకి చెప్పి, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. తప్పు బ్యాంకుదీ కస్టమర్‌దీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, మెసేజ్ అందాక మూడు పనిదినాల్లో చెప్పినవాళ్లకి నష్టం ఉండకూడదని 2017 జులైలో ఆర్‌బీఐ ఆదేశం ఇచ్చింది. ఆలస్యమైన కొద్దీ మీ వాటా పెరుగుతుంది. మెసేజ్‌లు చదవకుండా తుడిచేసే మా ఆయనకి ఇది వారం వారం చెబుతున్నా.

యాంకర్: చిన్న విరామం తీసుకుందాం...

వ్యాపారి: ఎంతసేపండీ? మావాడికి ఒక ఫోన్ చేసుకుంటాను. (ఫోన్లో) ఒరేయ్, కౌంటర్ మానిటర్ మీద స్టిక్కర్ ఉంది చూడు, పీకెయ్. ఆ, ఇప్పుడే.

ఇంజనీర్: పీకితే చాలదండీ, పాస్‌వర్డ్ మార్చాలి.

వ్యాపారి: అదెలా మార్చాలో ఆ కంపెనీ పిల్లాడికే తెలుసు. మార్చాలంటే మళ్లీ వాడే లోపలికి రావాలి.