దీపం కింద పచ్చతల: టెగు పిల్ల ఇంటికొచ్చిన మొదటి నెలలు

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది ఈ మధ్యే టెగు అనే దక్షిణ అమెరికా పెద్ద బల్లి పిల్లను ఇంటికి తెచ్చుకున్నారు. కొందరు రేపోమాపో తెచ్చుకోబోతున్నారు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా మొదటి రాత్రి నుంచే మొదలుపెడతాను.

పెట్టె మూత తీశారు. లోపల జానెడు పొడవున్న బల్లి. ఒంటి మీద నల్లటి పట్టీలు, తెల్లటి చుక్కలు. తల, మెడ మాత్రం అప్పుడే వేసిన చిగురులా ఆకుపచ్చగా ఉన్నాయి. గొంతు కింద చర్మం గబగబా ఎగిరిపడుతోంది. మీరు చెయ్యి చాపారు. అది మూలకు దూరి, నోరు తెరిచి బుస కొట్టింది. ఎంతో ఇష్టంగా తెచ్చుకున్న ప్రాణి మనల్ని చూసి అలా వణికిపోతే మనసు చివుక్కుమంటుంది. నాకూ అలాగే అయింది.

ఆ బుసను కోపంగా తీసుకోవద్దు. అడవిలో పిల్ల టెగును తినని జంతువు లేదంటే నమ్మండి. గద్దలు, పాములు, నక్కలే కాదు, పెద్ద టెగులు కూడా తింటాయి. పైనుంచి ఏ నీడ పడినా పారిపోయిన పిల్లే బతుకుతుంది. మీ చెయ్యి పైనుంచి దిగితే దానికి అది గద్దే. బాగా బెదిరితే తోక తెంపుకుని కూడా పారిపోతుంది. తెగిన తోక మళ్లీ పెరుగుతుంది కానీ మునుపటి అందం రాదు. అందుకే తోక పట్టుకుని ఎప్పుడూ ఎత్తకండి.

ఈ రోజు మనం ఎక్కువగా మాట్లాడుకునేది అర్జెంటీనా నలుపు తెలుపు టెగు గురించి. శాస్త్రీయ నామం సాల్వేటర్ మెరియానే. అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, బ్రెజిల్ ప్రాంతాలు దీని పుట్టిల్లు. చూడగానే మనకు ఉడుము గుర్తొస్తుంది. చీలిన నాలుక, బలమైన కాళ్లు, ఆ నడక అన్నీ అలాగే ఉంటాయి. అయినా రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. వేరే ఖండాల్లో ఒకే రకం బతుకు బతికి ఒకే రూపానికి వచ్చిన జంతువులు ఇవి. కాబట్టి ఉడుముల పెంపకం గురించి విన్నదంతా దీనికి వర్తిస్తుందనుకోకండి.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి. పిల్ల టెగు ప్రవర్తన మీకు వింతగా అనిపించినప్పుడు దాని స్వభావాన్ని అనుమానించే ముందు దాని ఇంటిని అనుమానించండి. తినట్లేదు, బయటికి రావట్లేదు, ఎప్పుడూ గోడ గీకుతోంది అని నన్ను అడిగేవాళ్లకు నేను ముందు వేసే ప్రశ్న ఒక్కటే: పెట్టెలో వేడి కోసం పెట్టిన దీపం కింద రాయి మీద వేడి ఎంత ఉంది?

ఇది నేను కష్టపడి నేర్చుకున్న పాఠం. నా దగ్గరికి వచ్చిన మొదటి పిల్ల మూడు రోజులు దీపం దగ్గరికే రాలేదు. ఇంకా భయం పోలేదు కాబోలు అనుకున్నాను. గాజు గోడకు అతికించిన థర్మామీటర్ 33 డిగ్రీలు చూపిస్తోంది, అంతా సవ్యంగానే ఉందన్న ధీమా. నాలుగో రోజు స్నేహితుడొకరు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తెచ్చి దీపం కింద ఉన్న పలకరాయి మీదికి గురిపెట్టాడు. 54 డిగ్రీలు! ఆ పసిదాన్ని నేను పెనం మీదికి పిలుస్తున్నానన్నమాట. దీపాన్ని పైకి జరిపి రాయి 40 దగ్గర నిలిచేలా చేశాం. అరగంట కాలేదు, ఆకుల కింద నుంచి పచ్చతల బయటికి వచ్చింది. రెండుసార్లు నాలుక చాచి గాలిని రుచి చూసింది. మెల్లగా పాకి రాయెక్కింది. పొట్ట రాయికి ఆనించి, వెనక కాళ్లు వదులుగా బారచాపి, కళ్లు మూసుకుంది. మూడు రోజులుగా అది నన్ను చూసి భయపడుతోందని అనుకున్నాను. కానీ అన్ని రోజులూ దానికి చలికాచుకునే చోటే లేదు.

గోడ మీది థర్మామీటర్ గాలి సంగతి చెబుతుంది, రాయి సంగతి చెప్పదు. పిల్లకు ఎండ కాచుకునే చోట రాతి మీద 38 నుంచి 43 డిగ్రీల వరకు ఉండాలి. పెట్టెకు రెండో చివర 24 నుంచి 27 మధ్య చల్లగా ఉండాలి. ఒంటి వేడిని అది అటూ ఇటూ నడిచే సరిచేసుకుంటుంది, ఆ నడకకు చోటివ్వడమే మన పని. రాత్రి అన్ని దీపాలూ ఆర్పేయండి, 22 డిగ్రీల వరకు తగ్గినా ఫర్వాలేదు. లోపల వైరుతో వేడెక్కే రాళ్లు మాత్రం వద్దు. పొట్ట కాలుతున్నా బల్లికి ఆ సంగతి వేళకు తెలియదు, అలాగే పడుకుని ఉంటుంది.

వేడి తర్వాత వెలుతురు. ఎముకల సంగతంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. టెగు ఒంట్లో విటమిన్ డి3 తయారవ్వాలంటే యూవీబీ కిరణాలు, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు కావాలి. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అప్పుడు శరీరం తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. మొదట వేళ్లు సన్నగా వణుకుతాయి. తర్వాత దవడ మెత్తబడుతుంది, నడిచేటప్పుడు పొట్ట నేలకు రాసుకుంటుంది, కాళ్లు వంకరపోతాయి. నెలనెలా సాగిపోయే పిల్లల్లో ఇది చాలా వేగంగా ముదురుతుంది. ఒకసారి వంగిన ఎముక మళ్లీ పూర్తిగా నిటారవడం కష్టం.

కిటికీ పక్కన పెట్టాం, ఎండ పడుతోంది కదా అని చాలామంది అంటారు. కిటికీ గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. లోపలికి వచ్చేది వెలుతురూ వేడీ మాత్రమే. పైగా గాజు పెట్టె మీద నేరుగా ఎండ పడితే లోపల ఉడికిపోతుంది. కాబట్టి పెట్టె పొడవులో సగానికి తగ్గకుండా సాగే యూవీబీ ట్యూబ్ పెట్టండి, టీ5 అనే సన్నటి రకం అయితే మంచిది. దానికీ పిల్లకీ మధ్య గాజు గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. ఇనుప జాలీ కూడా కొంత ఆపుతుంది. ఇంకో సంగతి, ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది కానీ అందులో యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది. మన కంటికి అది తెలియదు. అందుకే బిగించిన రోజు తేదీని ట్యూబ్ చివర మార్కర్‌తో రాసిపెట్టుకోండి, ఏడాదికి మార్చేయండి.

ఇక నేల. టెగు తవ్వే జంతువు. దానికి కాగితం పరిచి పెంచడం నాకు నచ్చదు. వ్యాధి ఉన్నప్పుడు తప్ప అలా చేయకండి. మట్టీ ఇసుకా కలిపి గానీ, సైప్రస్ చెక్క తురుము గానీ కనీసం 15 సెంటీమీటర్ల మందాన వేయండి, పెరిగే కొద్దీ మందం పెంచండి. దేవదారు లాంటి ఘాటు వాసన చెక్కలు వద్దు, ఊపిరితిత్తులకు చేటు. గాలిలో తేమ 70 నుంచి 80 శాతం ఉండాలి. పైన నీళ్లు చిలకరించి చిత్తడి చేస్తే ఒంటికి పుండ్లు వస్తాయి. కింది పొర తడిగా, పై పొర పొడిగా ఉండాలి. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి, నీళ్లు మాత్రం కారకూడదు.

తేమ చాలకపోతే ముందు దెబ్బతినేది కాలి వేళ్లు. పాములా టెగు కుబుసాన్ని ఒక్క తొడుగులా విడవదు, ముక్కలు ముక్కలుగా రాలుస్తుంది. వేలి చివర, తోక కొసన పాత చర్మం ఉంగరంలా మిగిలిపోతే రక్తం ఆగి ఆ వేలే ఎండి రాలిపోతుంది. ఒక్కో వేలూ చూడండి. చర్మం మిగిలి ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక మెల్లగా తీయండి. పొడిగా ఉన్నప్పుడు లాగొద్దు.

తిండి గురించి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ, నిజానికి ఇది సులువు. తెచ్చిన కొత్తలో రెండు మూడు రోజులు తినకపోయినా కంగారు వద్దు. తర్వాత పిల్లలకు రోజూ పెట్టాలి. కీచురాళ్లు, బొద్దింకలు, వానపాములు, నత్తలు, అప్పుడప్పుడు ఎలుక పిల్ల. పురుగు పరిమాణం పిల్ల రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. ఆ పురుగులకు ముందు రోజు ఆకుకూరలు బాగా మేపండి, పెట్టే ముందు కాల్షియం పొడి అద్దండి. గుడ్డు ఉడికించే పెట్టండి, పచ్చి తెల్లసొన ఎక్కువైతే బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందనివ్వదు. కండ మాంసం ఒక్కటే పెడితే భాస్వరం ఎక్కువై కాల్షియం తక్కువవుతుంది. ఎముకలతో ఉన్న చిన్న ప్రాణి మొత్తంగా మంచి ఆహారం. పళ్లు కొంచెం చాలు, అవకాడో వద్దు. తోటలో పట్టిన పురుగులు పెట్టకండి. ముఖ్యంగా మిణుగురులు. వాటి ఒంట్లో గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది, అవి తిని పెంపుడు బల్లులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి.

మచ్చిక సంగతికి వద్దాం. మొదటి వారం, పది రోజులు అసలు ముట్టుకోవద్దు. నీళ్లు మార్చండి, తిండి పెట్టండి, అక్కడే కూర్చుని మీ పని మీరు చేసుకోండి. ఒక రోజంతా వేసుకున్న బనీను దాని గూట్లో పెట్టండి. టెగు ప్రపంచాన్ని నాలుకతో తెలుసుకుంటుంది. చీలిన నాలుక మీద వచ్చిన వాసనలను అంగిట్లో ఉండే ప్రత్యేక అవయవం చదువుతుంది. నా పిల్ల మూడో రాత్రి నుంచి ఆ బనీను మడతల్లోనే పడుకుంది. అప్పటికి నేను దాన్ని తాకనే లేదు, కానీ నా వాసన దానికి నిద్రపోయే చోటయింది.

తర్వాత చేతిని నేల మీద వెల్లకిలా పెట్టి కదలకుండా ఉంచండి. అది వచ్చి నాలుకతో తాకుతుంది. తడిగా ఉండదు, దూదిపోగు తగిలినట్టు ఉంటుంది. ఆ రోజుకు అంతే, చెయ్యి తీసేయండి. ఎత్తడం మొదలుపెట్టాక కింది నుంచి, ఛాతీకీ వెనక కాళ్లకూ ఆసరా ఇచ్చి ఎత్తండి. ఒళ్లు చదును చేసినా, తోక విల్లులా వంచినా, ఊపిరి గట్టిగా వదిలినా ఆగండి. తిండిని చేత్తో అందించకండి, పొడవాటి పట్టుకారుతో పెట్టండి. వేలంటే తిండి అని ఒకసారి నేర్చుకుందంటే మాన్పించడం కష్టం. ఇప్పుడు గిల్లినట్టు ఉండే ఆ దవడే రేపు నత్తగుల్లను పొడి చేస్తుంది.

అవును, రేపు. ఏడాది తిరిగేసరికి ఇది రెండడుగులు దాటుతుంది. పెద్దయ్యాక మగది నాలుగడుగులు మించుతుంది, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న గూడు కావాలి. 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. సాకలేక బయట వదిలేసేవాళ్లను నేను క్షమించలేను. అమెరికాలోని ఫ్లోరిడాలో అలా తప్పించుకున్నవీ వదిలేసినవీ అడవిలో స్థిరపడ్డాయి, అక్కడి పక్షుల గుడ్లూ మొసళ్ల గుడ్లూ తినేస్తున్నాయి. చివరికి 2021లో ఆ రాష్ట్రం టెగును నిషిద్ధ జంతువుల జాబితాలో పెట్టింది. మీ దగ్గర చట్టం ఏం చెబుతోందో చూసుకున్నాకే తెచ్చుకోండి. దాని పత్రాలు భద్రంగా ఉంచుకోండి.

మొదటి నెలలోనే సరీసృపాలు తెలిసిన పశువైద్యుడికి చూపించి మల పరీక్ష చేయించండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, ఆరోగ్యంగా ఉన్న బల్లిలోనూ మనకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త.

చివరగా, కొత్తవాళ్లను అందరికంటే ఎక్కువ ఏడిపించే సంగతి. చలికాలం దగ్గరపడగానే బాగా తింటున్న పిల్ల ఉన్నట్టుండి తిండి మానేస్తుంది. దీపం వెలుగుతున్నా బయటికి రాదు. మట్టి తవ్వుకుని లోపలికి పోయి, వాకిలి లోపలి నుంచే మూసేసుకుంటుంది. ఇది శీతాకాల నిద్ర. అన్నీ నిద్రపోవు, కొన్ని మొదటి ఏడాదే నెలల తరబడి పడుకుంటాయి. ఈ జంతువు ఒంట్లో రుతువుల గడియారం ఎంత బలమైనదో చెప్పే పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. సంతానోత్పత్తి కాలంలో టెగులు చుట్టూ ఉన్న చోటు కన్నా 10 డిగ్రీల వరకు ఎక్కువ వేడిని తమ ఒంట్లోనే పుట్టించుకోగలవని తేలింది. బల్లుల్లో ఎవరూ ఊహించని గుణం అది.

నిద్రపోయే పిల్లను తవ్వి తీసి తినమని బలవంతం చేయకండి. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉంచండి. నిద్రకు ముందు తూకం రాసుకోండి, రెండు మూడు వారాలకోసారి మెల్లగా తీసి మళ్లీ తూచండి. బరువు కొద్దిగా తగ్గడం మామూలే. తోక మొదలు దగ్గర ఎముకలు తేలినా, కళ్లు లోపలికి పోయినా, ముక్కు నుంచి చీమిడి కారినా అది నిద్ర కాదు జబ్బు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

నా పిల్ల ఆ మొదటి చలికాలం పది వారాలు పడుకుంది. రోజూ పొద్దున్నే మట్టి మీద చెయ్యి పెట్టి చూసేవాణ్ని. ఒక ఉదయం మట్టి కాస్త బీటలు వారి ఉంది. మధ్యాహ్నానికి ముక్కు, ఆ తర్వాత తల. ఆకుపచ్చ పూర్తిగా పోయి నలుపూ తెలుపూ అయింది. కనురెప్పలకు మట్టి అంటుకునే ఉంది. నేరుగా నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్లి, తల ముంచి, చాలాసేపు తాగింది. తర్వాత రాయెక్కింది.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందుగా, రాతి మీద వేడి కొలిచి వచ్చినవాళ్లు అంకె చెప్పండి, అక్కణ్నుంచి మొదలుపెడదాం.