గట్టు లోపలి లెక్క

(ఫిబ్రవరి 2, చిత్తడి నేలల దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, నన్ను పిలిచిన జువాలజీ విభాగం అధ్యాపకులకు, ఎండలో కుర్చీలు మోసి వరండాలో సర్దిన ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలకు నమస్కారం. ముందు వరసలో నాతోపాటు పనిచేసిన ఇద్దరు మాస్టార్లు కూర్చున్నారు. ఈ వయసులో మోకాళ్ళ నొప్పులతో ఇంతదూరం వచ్చినందుకు వాళ్ళకు ప్రత్యేకంగా నమస్కారం. శాలువా తర్వాత కప్పండి, ముందు మాట్లాడనివ్వండి అని అడిగాను. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. సంతోషం.

నాకు ఇచ్చిన విషయం పెద్దది. ఇంత తెలివైన మనిషి తను బతికే భూమినే ఎందుకు పాడుచేసుకుంటున్నాడు? దీని మీద అమెజాన్ అడవుల గురించి, ధ్రువాల దగ్గర కరిగే మంచు గురించి మాట్లాడొచ్చు. మీ అధ్యాపకులు అవి బాగా చెబుతారు. నేను లంక గ్రామాల్లో లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ని. ఇక్కడినుంచి బస్సెక్కితే కాసేపట్లో చేరే కొల్లేరు గురించే మాట్లాడతాను. అడగాల్సిన ప్రశ్నకు జవాబు అక్కడే ఉందని నా నమ్మకం.

మీలో చాలామందికి కొల్లేరంటే చేపల చెరువులు. మీరు పుట్టేసరికే అలా అయిపోయింది, మీ తప్పు కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు వచ్చి అందులో కలుస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. కొల్లేరు అడుగు దాదాపు సముద్రమట్టంతో సమానం. అందుకే నీళ్ళు వచ్చినంత వేగంగా పోవు. వచ్చిన వరదను పరుచుకోనిచ్చి, నిలబెట్టి, మెల్లగా సముద్రానికి వదలడమే కొల్లేరు చేసే పని. జీతం లేకుండా చేసే పని.

ఆ నీళ్ళే తాగేవాళ్ళు. మా స్కూల్లో వంట చేసిన ఆవిడ చెప్పేది, పెళ్ళై లంకకు వచ్చిన కొత్తలో దోనె మీద కొంచెం లోపలికి వెళ్ళి, కిక్కిస గడ్డి పక్కన తేటగా ఉన్నచోట బిందె ముంచుకుని వచ్చేవాళ్ళమని. వడకట్టడానికి చీరకొంగు చాలు. ఇప్పుడు అదే ఇంటి ముందు ఇరవై లీటర్ల ప్లాస్టిక్ టిన్ను ఉంటుంది. చుట్టూ నీళ్ళే, తాగే నీళ్ళు కొనుక్కోవాలి. వెళ్ళి చూడండి, ఏ లంకకైనా వెళ్ళి చూడండి.

ఇది ఎవరు చేశారు? తెలివితక్కువవాళ్ళా? కాదు బాబూ. ఇక్కడ నేను ఒక కుర్రాడి గురించి చెప్పాలి. పేరు చెప్పను.

ఎనభైల్లో నా దగ్గర చదువుకున్నాడు. తండ్రి వేటకు వెళ్ళేవాడు, తాటి దోనె, చేపలు పట్టే వెదురుబద్దల మావులు, అంతే ఆస్తి. ఒకరోజు నేను ఘనపరిమాణం పాఠం చెబుతూ, చెరువు పొడవు ఇంత, వెడల్పు ఇంత, లోతు ఇంత, నీళ్ళెన్ని అని బోర్డు మీద లెక్క వేశాను. వీడు లేచాడు. "మాస్టారూ, చెరువు గట్టు నిలువుగా ఉండదండి, ఏటవాలుగా ఉంటది. పైన వెడల్పు వేరు, అడుగున వేరు. ఇలా కడితే నీళ్ళు ఎక్కువొస్తాయండి" అన్నాడు. పుస్తకంలో ఆ పాఠం ఇంకా రాలేదు. పైదీ కిందిదీ కలిపి సగం చెయ్యాలని వాడే చెప్పాడు. నా సర్వీసులో అంత చురుకైన బుర్రను నేను మళ్ళీ చూళ్ళేదు.

ఆ రోజులకు చెరువులు అప్పటికే మొదలయ్యాయి. 1970ల మధ్యలో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, తుఫాన్లతో దెబ్బతిన్న కొల్లేటి పేదలకు బతుకుతెరువు చూపాలని సొసైటీలు పెట్టి, సరస్సులో చేపల చెరువులు తవ్వించి ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. కానీ చెరువు తవ్వగానే సరిపోదు కదా. చేపపిల్ల కావాలి, మేతకు తవుడు కావాలి, నూనె తీసిన చెక్క కావాలి, పట్టుబడి అయ్యేదాకా పెట్టుబడి పెట్టాలి. వేటకు వెళ్ళి ఏ పూటకాపూట తినేవాడి దగ్గర అంత డబ్బు ఎక్కడిది? బయటివాళ్ళు లీజుకు తీసుకున్నారు. సొసైటీలో పేరు పేదవాడిది, చెరువు ఇంకొకరిది. ఏడాదికోసారి చేతిలో పెట్టే లీజు డబ్బులు తీసుకుని, తన పేరున ఉన్న చెరువు మీదే రాత్రి కాపలా కాసిన మనుషులు నాకు తెలుసు. వాళ్ళ పిల్లలకు పాఠం చెప్పాను. మీలో కొందరి తాతలు కూడా అందులో ఉంటారు.

మన కుర్రాడు ఇంటర్‌తో ఆపేసి ఒక లీజుదారు దగ్గర గుమాస్తాగా చేరాడు. బుర్ర ఉన్నవాడు కదా, కొన్నేళ్ళకు తనే చెరువులు పట్టాడు. మేతకు ఎంత బరువొస్తుందో నోటిమీద చెప్పేవాడు. ఐసు వేసి లారీకెత్తిన చేప కలకత్తా చేరేసరికి ఏ రేటు పలికితే గిట్టుబాటో ముందే చెప్పేవాడు. అలాంటివాడు ఒక ఎండాకాలం పొక్లెయిన్ పెట్టి తన గట్టును పక్కనున్న కాలవలోకి నాలుగు గజాలు జరిపాడు. నాలుగు గజాలే. చెరువు పొడుగునా నాలుగు గజాలంటే ఎన్ని చేపలు ఎక్కువ పడతాయో లెక్క కట్టాడు. లెక్క తప్పలేదు. అవతలి గట్టువాడు కూడా జరిపాడు, వాడి లెక్కా తప్పలేదు. ఆ కాలవ నీళ్ళు ఉప్పుటేరుకు పోయే దారి. దోనెలు రెండు ఎదురెదురుగా తప్పుకున్న కాలవలో ఒక్కటి వెళ్ళడమే కష్టమైంది.

ఆ తర్వాత ఒక ఏడు వరదొచ్చింది. నీళ్ళు వెనక్కి తన్నాయి. లంకలు మునిగాయి. మా స్కూలే పునరావాస శిబిరం. తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చినవాళ్ళలో ఈ కుర్రాడూ ఉన్నాడు. వాడి తండ్రి కట్టుకున్న ఇంట్లో నడుం లోతు నీళ్ళు. ఆ రాత్రి నేను అడిగాను, "ఒరే, నువ్వు లెక్క తెలిసినవాడివి. ఇలా అవుతుందని తెలీదా?" అని. వాడు కోప్పడలేదు. "తెలుసు మాస్టారూ. గట్టు వెనక్కి జరిపితే నాకెంత పోద్దో నాకు తెలుసు. కాలవకెంత వస్తదో కూడా తెలుసు. కానీ కాలవకొచ్చేది ఎవరి ఖాతాలో రాయమంటారు?" అన్నాడు.

కాలవకొచ్చేది ఎవరి ఖాతాలో రాయాలి? నాకిచ్చిన విషయానికి ఇంతకంటే మంచి జవాబు నేను ఎక్కడా వినలేదు. అమ్మాయిలూ, అబ్బాయిలూ, నోట్‌బుక్కులు తెచ్చుకున్నవాళ్ళు ఇది రాసుకోండి.

మనిషి ఆశపోతు, అందుకే పాడుచేస్తాడు అని సభల్లో చెబుతుంటారు. నేను ఒప్పుకోను. ఆ మాటతో తప్పు అందరికీ సమానంగా పంచేస్తున్నాం. మావు పెట్టి బతికినవాడూ, వందల ఎకరాలు గట్లు కట్టినవాడూ ఒకటేనా? పాతరోజుల్లో మావులు ఎవరు ఎక్కడ పెట్టాలో ఊరి పెద్దలు కూర్చుని తేల్చేవాళ్ళు. దారికి అడ్డం పెడితే తప్పు వేసేవాళ్ళు. వాళ్ళకు ఆశ లేదా? ఉంది. కానీ నష్టం వస్తే తమ వీధిలోకే వస్తుంది కాబట్టి కాలవకు కూడా ఒక ఖాతా ఉండేది. అమెరికాలో ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ జీవితమంతా ఇలాంటివే చూశారు, ఉమ్మడి చెరువులు, అడవులు, చేపల వేట. వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుని, వాళ్ళే కాపలా కాసుకున్న చోట ఉమ్మడి ఆస్తి తరాలపాటు నిలబడిందని చూపించారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

లాభం ఒకరికి, నష్టం ఇంకొకరికి. లాభం ఈ పట్టుబడికి, నష్టం పదేళ్ళకు. ఈ రెండూ ఒకే కాగితం మీదికి రానంతకాలం ఎంత తెలివైనవాడైనా సరస్సును తవ్వేస్తాడు. తెలివి ఎక్కువైతే ఇంకా తొందరగా తవ్వుతాడు.

చట్టం లేదా అంటారు. ఉంది. 1999లో కొల్లేరులో ఐదో కాంటూరు దాకా, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. ఈరోజు మనం జరుపుకుంటున్న దినోత్సవం ఆ ఒప్పందానిదే, 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరింది. 2006 వేసవిలో సుప్రీంకోర్టు చొరవతో వేల ఎకరాల చెరువుల గట్లు కొట్టేశారు. పేలుడు పదార్థాలు పెట్టి మరీ. ఆ గట్లు చాలాచోట్ల మళ్ళీ లేచాయి. ఎందుకు లేచాయి? గట్టు కొట్టారు గానీ లెక్క మార్చలేదు. లీజు మీద బతుకుతున్న పేదవాడికి వేరే దారి నిలబడేలా చూపించలేదు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని అసెంబ్లీలో తీర్మానం చేశారు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కుదించొద్దని చెప్పింది. హద్దుల గొడవ ఇంకా కోర్టుల్లోనే ఉంది.

ప్రిన్సిపాల్ గారు టైము చూస్తున్నారు. ఇంకో పది నిమిషాలు ఇవ్వండి సార్, బుడమేరు మాట చెప్పకుండా దిగలేను.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో ఏమైందో మీరంతా ఫోన్లలో చూశారు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళలో ఉంది. మేడల మీద నిలబడి పాల ప్యాకెట్ల కోసం చేతులు చాచారు జనం. ఆ బుడమేరు వచ్చి చేరేది మన కొల్లేరుకే. పైన ఏరును ఇళ్ళ స్థలాలు చేశారు, కింద సరస్సును చెరువులు చేశారు. వాన మాత్రం పాత దారినే వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ ప్లాటు కొనుక్కున్నవాడు కూడా తెలివితక్కువవాడు కాదు. జీతంలో దాచుకున్న డబ్బుకు ఎక్కడ దొరికితే అక్కడ కొన్నాడు. ఏరు ఎక్కడ పారేదో వాడికి అమ్మినవాడికి తెలుసు.

ఎండాకాలం కష్టం ఇంకొకటి. వానాకాలం కిందికి పోవాల్సిన మంచినీళ్ళు తగ్గేకొద్దీ, వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీళ్ళు పైకి తన్నుకొస్తున్నాయి. కొల్లేరు ఉప్పబారుతోంది. మంచినీటి చేప పెంచినవాళ్ళే ఇప్పుడు నీళ్ళు పనికిరావడం లేదని గోలపెడుతున్నారు. ఖాతాలో రాయని నష్టం చివరికి వాళ్ళ చెరువులోకే వచ్చింది.

కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకకు మీరంతా పిక్నిక్‌కు వెళ్ళుంటారు. గూడబాతులతో, అదే పెలికాన్లతో, సెల్ఫీలు దిగుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు అవి గూళ్ళు ఎక్కడ కట్టాయో చూడండి. చెట్లు చాలక అటవీశాఖవాళ్ళు చెరువులో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కట్టాయి. డెబ్బైల్లో ఈ పక్షులు కొల్లేరులో గూళ్ళు పెట్టడం మానేసి వెళ్ళిపోయాయి. తర్వాత మళ్ళీ వచ్చాయి. పక్షి రావడానికి సిద్ధంగానే ఉంది, చోటు ఇవ్వాల్సింది మనం.

ఇక మీరు చెయ్యగలిగింది. భాషణం ఆపి పనిలోకి వస్తాను.

1958లో చార్లెస్ కీలింగ్ అనే ఆయన హవాయి దీవుల్లో ఒక కొండమీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. పది లక్షల భాగాల్లో 315 ఉండేది. కొలత ఆపకుండా కొనసాగించారు. ఇప్పుడు 420 దాటింది. ఆ కొలతే లేకపోతే గాలికి ఖాతాయే లేదు, మనం వాదించుకోవడానికి కాగితమే ఉండేది కాదు. ఓజోన్ కథ కూడా అంతే. 1985లో అంటార్కిటికా మీద కొలతల్లో ఓజోన్ పొర పలచబడిందని బయటపడింది. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు. ఇవాళ ఆ పొర కోలుకుంటోంది. మనిషి మారడని నాకు చెప్పొద్దు. ఖాతా రాసి ముందు పెడితే మారాడు.

కొల్లేటికి ఖాతా మీరు రాయండి. మీ దగ్గర ల్యాబ్ ఉంది, పిల్లలున్నారు, వయసుంది. నా పెన్షన్‌లోంచి, నీళ్ళలో కరిగిన ఉప్పు కొలిచే టీడీఎస్ మీటర్లు రెండు కొని తెచ్చాను, ఈ సంచిలో ఉన్నాయి. లోతు కొలిచే గెడ కూడా చేయించాను, అడుగు అడుగుకీ ఎర్ర రంగు గీతలు పెట్టించాను. ఐదు చోట్లు చాలు. బుడమేరు కలిసేచోట, తమ్మిలేరు కలిసేచోట, సరస్సు మధ్యలో ఒకటి, ఉప్పుటేరు మొదట్లో ఒకటి, ఆ కుర్రాడు గట్టు జరిపిన కాలవలో ఒకటి. నెలకోసారి ఉప్పెంత, లోతెంత, కాలవ వెడల్పెంత రాసి, ఆ కాగితం ఆయా పంచాయతీల గోడకు అంటించండి. తేదీ వెయ్యండి, కొలిచినవాళ్ళ పేర్లు రాయండి. ఎవరైనా చించేస్తే మళ్ళీ అంటించండి.

ఆ కాలవ చూపించడానికి ఎవరొస్తున్నారో తెలుసా? ఆ కుర్రాడే. ఇప్పుడు తల నెరిసింది, చెరువులు కొడుక్కి అప్పజెప్పాడు. పాత కాలవ ఎంత వెడల్పు ఉండేదో గజాలతో సహా వాడికి గుర్తుంది. నేను అడిగితే దోనె కూడా మాట్లాడి పెట్టాడు.

మొదటి కొలత వచ్చే ఆదివారం. పొద్దున్నే ఆరున్నరకు కాలేజీ గేటు దగ్గర ఉండండి, టోపీలు, నీళ్ళ సీసాలు తెచ్చుకోండి. ఈత వచ్చినవాళ్ళు ముందు చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాను. ఆడపిల్లలు కూడా ఎత్తండమ్మా, లంక ఆడవాళ్ళు మీకంటే బాగా గెడ వేస్తారు. రాసుకునేవాళ్ళు ఇద్దరు కావాలి, చేతిరాత బాగున్నవాళ్ళు. ఎవరు వస్తారు?