ధరల పేజీకి జవాబు ఎవరు ఆపారు?

నమస్కారం. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ మనకు ఒకే ఊరు. బ్రౌజర్ లెక్క వేరు. స్కీమ్ (http లేదా https), హోస్ట్ (సైట్ పేరు), పోర్ట్ (సర్వర్ తలుపు నంబర్) మూడూ కలిస్తేనే దానికి ఒకే ఆరిజిన్, అంటే ఒకే చిరునామా. పోర్ట్ నంబర్ మారినా పరాయిదే.

ఏనుమాముల యార్డులో తేజ, చపాటా మిర్చి ధరలు చూపే పేజీ కట్టారనుకుందాం. పేజీ లోకల్‌హోస్ట్ (మీ సొంత కంప్యూటర్) 5173 పోర్ట్‌లో, ధరలిచ్చే సర్వర్ 8000లో. తెరవగానే బ్రౌజర్ కన్సోల్ నిండా ఎర్రగా కార్స్ (CORS) ఎర్రర్. ఒక ఆరిజిన్ జవాబును ఇంకో ఆరిజిన్ పేజీ చదవొచ్చా అని చూసే ఏర్పాటే కార్స్. అదే అడ్రస్ పోస్ట్‌మన్‌లో (బ్రౌజర్ లేకుండా రిక్వెస్టులు పంపే టూల్) కొడితే ధరలు చక్కగా వస్తాయి. ఎందుకంటే, ఈ నియమం బ్రౌజర్‌ది. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ 2 అనే పాత బ్రౌజర్ కాలంలో మొదలైంది. ఒక ట్యాబ్‌లో మీరు బ్యాంకులో లాగిన్ అయి ఉంటే, ఇంకో ట్యాబ్‌లోని స్క్రిప్టు ఆ ఖాతా చదవకూడదు కదా.

మామూలు గెట్ (డేటా అడిగే రిక్వెస్టు) అయితే సర్వర్‌కు చేరుతుంది, లాగ్‌లో 200 (సరే అనే కోడ్) కూడా పడుతుంది. బ్రౌజర్ ఆ జవాబును స్క్రిప్టు చేతికివ్వదు, అంతే. అందుకే ఫ్రంటెండ్‌లో ఎంత తిప్పలు పడ్డా లాభం లేదు. రిక్వెస్టు పంపే ఫెచ్‌కు నో-కార్స్ పెడితే ఎర్రర్ పోతుంది, దాంతోపాటు డేటా కూడా పోతుంది. అనుమతి సర్వరే ఇవ్వాలి, జవాబుతో పాటు వెళ్లే హెడర్‌లో (జవాబు గురించిన సమాచార పంక్తి) ఆ పేజీ ఆరిజిన్ రాసి.

జేసన్‌తో పోస్ట్, పుట్, డిలీట్, ఆథరైజేషన్ హెడర్: వీటిలో ఏదున్నా బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ అనే చిన్న రిక్వెస్టు పంపి, అసలుది పంపొచ్చా అని సర్వర్‌ను అడుగుతుంది. ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఆప్షన్స్ వెంట లాగిన్ గుర్తు చెప్పే టోకెన్ రాదు, కుకీ రాదు. మీ కోడ్‌లో లాగిన్ తనిఖీ ముందుంటే దానికి 401 (లాగిన్ కాలేదు) ఇస్తుంది, అసలు రిక్వెస్టు బయల్దేరదు. కార్స్ మిడిల్‌వేర్‌ను (ప్రతి రిక్వెస్టు దాటి వెళ్లే కోడ్) తనిఖీకి పైన పెట్టండి. ఆప్షన్స్‌కు రీడైరెక్ట్ ఇచ్చినా ఇదే గతి. అనుమతించే ఆరిజిన్ చివర స్లాష్ పెట్టొద్దు, అక్షరాలు సరిపోలవు. ఆప్షన్స్ జవాబును ఎన్ని సెకన్లు గుర్తుంచుకోవాలో చెప్పే మ్యాక్స్-ఏజ్‌కు 86400 రాసినా క్రోమ్ 7200 సెకన్లే పాటిస్తుంది. అసలు రాయకపోతే 5 సెకన్లే.

కుకీలు కావాలంటే స్టార్ (*, అంటే ఎవరికైనా అనుమతి) పనిచేయదు. అప్పుడు చాలామంది వచ్చిన ఆరిజిన్‌ను వచ్చినట్టే తిరిగి రాసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఎవరి పేజీ అయినా మీ యూజర్ డేటా చదివేస్తుంది. అనుమతించిన ఆరిజిన్ల జాబితా పెట్టుకుని పూర్తి పేరు పోల్చండి. జవాబులో వేరీ హెడర్‌కు ఆరిజిన్ అని రాయండి, లేకుంటే క్యాష్ (దాచి ఉంచిన పాత జవాబు) ఒకరి అనుమతి ఇంకొకరికి ఇస్తుంది.

ఇంకో మోసం ఉంది. యాప్ ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో యాడ్ హెడర్ చివర ఆల్వేస్ లేకపోతే 500 (సర్వర్ లోపం) జవాబుకు అనుమతి హెడర్ అంటదు. తప్పు మీ కోడ్‌లో ఉన్నా, కన్సోల్ కార్స్ పేరు చెబుతుంది. ముందు నెట్‌వర్క్ ట్యాబ్‌లో స్టేటస్ చూడండి. ఎన్‌జిన్‌ఎక్స్, యాప్ రెండూ అదే అనుమతి హెడర్ పెట్టినా బ్రౌజర్ ఒప్పుకోదు.

పేజీ, సర్వర్ రెండూ మీవే అయితే ఈ గొడవే వద్దు. సర్వర్‌ను అదే డొమైన్ కింద /api దారిలో రివర్స్ ప్రాక్సీ చేయండి, అంటే ఆ దారికి వచ్చిన రిక్వెస్టులను ముందున్న సర్వరే లోపలికి పంపేలా. వీట్‌లో (Vite, పేజీని తయారు చేసే టూల్) రాసిన ప్రాక్సీ డెవలప్‌మెంట్ వరకే. బిల్డ్ ఎక్కించాక అదే దారి ఎన్‌జిన్‌ఎక్స్‌లోనూ రాయాలి.